విజిటింగ్ స్పెషలిస్టుకు షోకాజ్ నోటీసు

వంద రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పసిపిల్ల గుండెలోనూ రంధ్రమన్నది కనిపించకూడదని మంత్రి నరసింగరావు గారు ఆదేశించారు. ఆదేశించింది డాక్టర్లనో, రంధ్రాలనో సభలో ఎవరికీ అర్థం కాలేదు గానీ చప్పట్లు మాత్రం దండిగా పడ్డాయి. పథకం పేరు 'నిండు గుండె'. ఫ్లెక్సీ మీద పెద్ద ఎర్ర గుండె, ఆ గుండె నడిమధ్యన మంత్రిగారి ఫొటో. ఫొటో పట్టడం కోసం ఆర్టిస్టు గుండెని మధ్యలో గుండ్రంగా కత్తిరించాల్సి వచ్చింది. దాన్ని రంధ్రం అనుకోవడం గిట్టనివాళ్ళ పని.

ఆ సభలో వెనక వరసలో నిలబడి అందరికంటే మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టినవాడు ధనరాజ్. రోజూ నరసన్నపేట నుంచి బస్సులో శ్రీకాకుళం వచ్చి 'నిండు గుండె' సెల్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఉద్యోగం పేరు మెడికల్ కోడర్. డాక్టరు రాసిన జబ్బుని పోర్టల్‌కి అర్థమయ్యే అంకెల్లోకి మార్చడం అతని పని. గుండెలో కింది గదుల మధ్య రంధ్రముంటే ఒక కోడు, పై గదుల మధ్య ఉంటే ఇంకో కోడు, రంధ్రంతో పాటు ఊపిరితిత్తులకు వెళ్ళే నాళం కూడా ఇరుగ్గా ఉంటే మరో కోడు. కోడు తప్పితే ఆపరేషన్‌కి అనుమతి రాదు. అందుకని ధనరాజ్ ప్రతి ఫైలూ రెండుసార్లు చదివేవాడు. ఆఫీసులో ఆ అలవాటు ఇంకెవరికీ లేకపోవడంతో మిగతావాళ్ళు అతన్ని కాస్త జాలిగా చూసేవారు.

అదే భవనంలో ఉన్న మంత్రిగారి ఛాంబర్లో గోడకి ఒక పెద్ద టీవీ బిగించారు. అందులో ఒక్కో బిడ్డా ఒక్కో చుక్క. ఆపరేషన్ కాని చుక్క ఎరుపు, అయిన చుక్క ఆకుపచ్చ. మంత్రిగారికి వైద్యం గురించి పెద్దగా తెలియదు గానీ ఆకుపచ్చ గురించి బాగా తెలుసు. ఒకసారి రివ్యూ జరుగుతుండగా, ఎవరో తప్పు సరిదిద్దబోతే ఆకుపచ్చ చుక్క ఒకటి తిరిగి ఎర్రబడింది. ఆయన మొహమూ అదే రంగులోకి వచ్చింది.

"మన ప్రభుత్వం ఎనక్కెళ్తాదేటయ్యా? ఎనక్కెళ్ళే బటన్ ఎవుడెట్టినాడు? తీసీండి!" అన్నారు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ పూటే తీసేశారు.

తొంభై ఏడో రోజుకి తొంభై తొమ్మిది చుక్కలు పచ్చబడ్డాయి. అవన్నీ మంత్రిగారి పేషీ నుంచే ఎక్సెల్ షీట్లలో వచ్చేవి. కోడు సరిపోయిందో లేదో చూడటం వరకే ధనరాజ్ వంతు. కోడులన్నీ ముచ్చటగా సరిపోయేవి. ఇంత వేగంగా ఇన్ని గుండెలు కోసి కుడుతున్న డాక్టర్లెవరో, ఎప్పటికైనా ఒకసారి చూసి దణ్ణం పెట్టుకోవాలని అతనికి ఉండేది.

మిగిలిన ఎర్ర చుక్క దీవెన. నాలుగేళ్ళ పిల్ల, ఊరు నౌపడ. తండ్రి ఏసుదానం, తల్లి దేవమణి ఇద్దరూ ఉప్పు మడుల్లో కూలికెళ్తారు. దీవెన గుండెలో రంధ్రమూ ఉంది, పక్కన ఇరుకు నాళమూ ఉంది. పది అడుగులు నడిస్తే చాలు, పెదాలు నీలమై గొంతుక్కూర్చుంటుంది. విశాఖపట్నంలో డాక్టరు వచ్చే నెల పన్నెండో తేదీ ఇచ్చి, 'వానాకాలం దాటనివ్వొద్దు, ఆ తర్వాత మేం చేయగలిగింది ఉండదు' అని ఫైలు మీద రాశాడు. ఈ ఒక్క ఫైలూ పేషీ నుంచి రాలేదు. దేవమణి పిల్లని భుజానేసుకుని మూడుసార్లు తిరిగి స్వయంగా తెచ్చిచ్చింది. మూడోసారి దీవెన ధనరాజ్ టేబుల్ మీద పాత ఫైళ్ళ కట్టకి తల ఆనించి నిద్రపోయింది. అది లేచేదాకా అతను ఆ కట్ట కదపలేదు.

మంత్రిగారి పీఏ గిరిబాబు వచ్చి టేబుల్ మీద కూర్చున్నాడు.

"వందో రోజుకి వందో గుండె కావాలయ్యా. సారు సభ పెట్టించీసినారు."

"పన్నెండో తేదీ అంటే నూట పదమూడో రోజవుతుంది సార్."

"నూట పదమూడు రోజులు, వంద గుండెలు అంటే ఇనడానికి ఏటి బాగుంటాది?"

బాగుండదని ధనరాజ్ కూడా ఒప్పుకున్నాడు. మర్నాడు గిరిబాబు మొహం వెలిగిపోతూ, ఫోను చేత్తో పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

ఆ ఫోనులో ఏముందో చెప్పాలంటే నౌపడ బాప్టిస్టు చర్చి పద్ధతి కొంచెం చెప్పాలి. అక్కడ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలుంటాయి. జరిగిన మేలుకి నలుగురిలో లేచి కృతజ్ఞత చెప్పడం అందరూ చేసేదే. విశ్వాసం ఇంకాస్త గట్టిగా ఉన్నవాళ్ళు జరగబోయే మేలుకి కూడా జరిగిపోయినట్టే చెప్పేస్తారు. వాళ్ళ లెక్కలో అది అబద్ధం కాదు, అడ్వాన్సు. ఆ ఆదివారం దేవమణి నెత్తిన కొంగేసుకుని లేచి నిలబడింది.

"ప్రభువు నా గుంట దీవెన గుండెలో రంధ్రం మూసీసినాడు. ఇరుకు కూడా తీసీసినాడు. స్తోత్రం" అంది. చర్చంతా ఆమేన్ అంది. ఎవరో వీడియో తీశారు. అది గ్రూపు నుంచి గ్రూపుకి దూకి పార్టీ గ్రూపులో పడింది.

"ఇన్నావా? మూసీసినాడంట" అన్నాడు గిరిబాబు.

"సార్, అది వాళ్ళు నమ్మకంతో ముందుగా చెప్పుకునే మాట. ఆపరేషన్ ఇంకా కాలేదు."

"తల్లికి తెలీనిది నీకు తెలుస్తాదా? కన్నతల్లి సెప్పినాది, ఊరంతా ఆమేనన్నాది. ఏ ఆపరేషన్‌కి ఉన్నారయ్యా ఇంతమంది సాక్షులు?"

ధనరాజ్‌కి రూలు గుర్తొచ్చింది.

"సర్జన్ పేరు నింపకపోతే పోర్టల్ తీసుకోదు సార్."

"సెప్పింది కదా, ప్రభువని."

"ఆయన మన ప్యానెల్లో లేరు."

"లేరా?" గిరిబాబు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అంత ప్రాక్టీసున్న మనిషిని ఇన్నాళ్ళూ ప్యానెల్లో ఎట్టుకోకుండా ఏటి సేత్తన్నారు మీరు?"

"రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి సార్."

"పోనీ ఆ లిస్టులో ఇంకేటున్నాయో సూడు."

"విజిటింగ్ స్పెషలిస్ట్ అని ఒకటుంది. దానికి నంబరు అక్కర్లేదు, అడ్రసు చాలు."

"అద్గదీ! అది పెట్టు. అడ్రసు నౌపడ చర్చి రాసీ. పన్నెండో తేదీ సంగతి నాను సూసుకుంటాను."

ధనరాజ్ కాంట్రాక్టు మూడు నెలలకోసారి రెన్యూవల్ అవుతుంది. అందులో రెండు నెలల ఇరవై రోజులు అయిపోయాయి. ఎలాగూ జరగబోయే ఆపరేషనే కదా, రెండు వారాలు ముందు నొక్కుతున్నానంతే అని సర్దిచెప్పుకుని నొక్కాడు. చుక్క పచ్చబడింది. ఆ పూట అతను తెచ్చుకున్న క్యారేజీ విప్పలేదు.

వందో రోజు సభకి దేవమణిని, దీవెనని కారులో తీసుకొచ్చారు. జీవితంలో మొదటిసారి కారెక్కిన దేవమణి, ఇదంతా పన్నెండో తేదీ ఆపరేషన్‌కి ముందు చేసే పద్ధతి కాబోలు అనుకుంది. స్టేజీ మీద మంత్రిగారి మెడలో కొత్త స్టెతస్కోపు. ఒక చేత్తో మైకు, ఒక చేత్తో స్టెతస్కోపు పట్టుకోవడంతో చెవుల్లో పెట్టుకోవడానికి ఆయనకి మూడో చెయ్యి లేకపోయింది. దాన్ని పిల్ల గౌను మీద కుడివైపు ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"ఏ సప్పుడూ నేదు! పూర్తిగా మూసుకుపోనాది!" అని ప్రకటించారు.

జనం ఈలలేశారు. దేవమణి మంత్రిగారి దగ్గరికి జరిగి మెల్లిగా అడిగింది.

"బాబూ, పన్నెండో తేదీ ఏ టైముకి రమ్మంటారు?"

"ఏ టైముకైనా రా తల్లీ! మా తలుపులు నీకెప్పుడూ తెరిసే ఉంటాయి!" అన్నారాయన మైకులో. మళ్ళీ ఈలలు.

తర్వాత దీవెన స్టేజీ ఆ చివర నుంచి ఈ చివరకి నడిచొచ్చి షీల్డు అందుకోవాలి. పిల్ల కొత్త చెప్పులతో ఏడు అడుగులు నడిచింది. ఎనిమిదో అడుగు దగ్గర ఆయాసపడి, మోకాళ్ళు పొట్టకి నొక్కుకుని గొంతుక్కూర్చుంది. యాంకర్ రాజకుమారి ఇలాంటి సమయాల్లో తడబడే మనిషి కాదు.

"చూడండి! ఆ పసిహృదయం మంత్రిగారి పాదాలకి ఎలా నమస్కరిస్తోందో చూడండి!"

మంత్రిగారు కళ్ళొత్తుకున్నారు. దేవమణి పరుగున వచ్చి పిల్లని ఎత్తుకుంది. స్టేజీ కింద వైర్ల పక్కన నిలబడ్డ ధనరాజ్‌కి ఈసారి చేతులు చప్పట్లకి లేవలేదు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో రంగుల్లో వచ్చింది. పెదాలు నీలంగా ఉండటం ప్రింటింగ్ లోపమనుకున్నారు పాఠకులు.

పన్నెండో తేదీన విశాఖపట్నంలో డాక్టరు సిద్ధంగా ఉన్నాడు, మంచం సిద్ధంగా ఉంది, రక్తమిచ్చేవాళ్ళు కూడా సిద్ధంగా ఉన్నారు. పోర్టల్ ఒక్కటే ఒప్పుకోలేదు. 'ఈ లబ్ధిదారు గుండెకు శస్త్రచికిత్స విజయవంతంగా పూర్తయినది. ఒక గుండెకు ఒకసారి మాత్రమే' అని తెర మీద వచ్చింది. గిరిబాబు ఫోను రెండు రోజులు స్విచ్చాఫ్. మూడో రోజు దేవమణి పిల్లని భుజాన వేసుకుని నేరుగా ధనరాజ్ టేబుల్ దగ్గరికొచ్చింది. ఏడవలేదు, అరవలేదు. దీవెన గౌను పైకెత్తింది.

"అయిపోనాదంట బాబూ. కుట్టు ఎక్కడున్నాదో సూసి సెప్పు."

సన్నటి పక్కటెముకలు, వాటి వెనక దడదడలాడుతున్న గుండె. గీత కూడా లేదు. ధనరాజ్‌కి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "కూర్చో అమ్మా" అని మాత్రం అనగలిగి, లేచి మంత్రిగారి ఛాంబర్‌కి వెళ్ళాడు. అపాయింట్‌మెంట్ లేకుండా ఆ తలుపు తోయడం అతనికదే మొదలు.

"వందో చుక్క వెనక్కి తిప్పాలి సార్. పాపకి ఆపరేషన్ కాలేదు."

"తిప్పు మరి" అన్నారు మంత్రిగారు ఉదారంగా.

"బటన్ లేదు సార్. తమరే తీయించారు."

"అయితే ఇంకేటి సేత్తాం?"

"మొదటి ఆపరేషన్ ఫెయిలైతే మళ్ళీ చేయడానికి రీడూ అని ఇంకో కోడుంది సార్. దాని కింద అనుమతి వస్తుంది."

ఫెయిల్ అన్న మాట ఆ గదిలో అంతకుముందు ఎవరూ వాడలేదు. గిరిబాబు లేచి తలుపు మూశాడు. మంత్రిగారు గోడ మీది టీవీ వైపు తిరిగారు.

"మన సక్సెస్ రేటెంత?"

"వంద శాతం సార్."

"సరే. అది తగ్గకుండా ఫెయిల్ సెయ్యి."

రీడూకి మొదటి మెట్టు, ఫెయిలైన సర్జన్‌కి నోటీసు ఇవ్వడం. రూల్స్ ఎవరి కోసమూ మారవు. మూడో రోజున నౌపడ చర్చికి రిజిస్టర్డ్ పోస్టు వెళ్ళింది. 'విజిటింగ్ స్పెషలిస్ట్ గారికి. తమరు కుమారి దీవెన గుండెకు చేసిన శస్త్రచికిత్స సంతృప్తికరముగా లేనట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినది. ఏడు దినములలోగా తమ విద్యార్హతల ధ్రువపత్రములతో స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను. లేనిచో ఈ రెండు జిల్లాలలో తమ సేవలు నిలిపివేయబడును.'

పాస్టర్ ఎలీషా గారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, దేవమణిని, దీవెనని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చారు.

"వందనాలు బాబూ. ఇది మా పైవారికొచ్చినాది. నలభై ఏళ్ళ బట్టి ఆయన మాట నానే సెప్తన్నాను గాని, ఆయన తరపున సంజాయిషీ ఇచ్చుకునే పని ఎప్పుడూ పడలేదు" అన్నారు.

"ఆయన సెయ్యలేదని రాసిచ్చీండి అయ్యగారూ, సరిపోద్ది" అన్నాడు గిరిబాబు.

"సెయ్యలేదని ఎలాగ రాస్తాను? ఇంకా సెయ్యలేదంతే."

"ఇంకా అంటే కుదరదండి. సేసి ఫెయిలవ్వాల. సెయ్యకపోతే మా వంద తొంభై తొమ్మిదైపోద్ది."

ఎలీషా గారు ధనరాజ్ వైపు చూశారు. ఈ మాటలు తనకి అర్థం కాకపోవడం వయసు వల్లనేమో అని ఆయన అనుమానం. చివరికి గిరిబాబే సర్జన్ హాజరు కానట్టు ఒక నోట్ రాయించి, తల్లి వాంగ్మూలం చాలని తేల్చాడు. తెర మీద 'ఫెయిలగుటకు కారణము' అన్న గడి తెరుచుకుంది.

"సర్జన్ నిర్లక్ష్యం అని నొక్కీ. ఆయనేటి కోర్టుకెళ్తాడా?" అన్నాడు గిరిబాబు.

"నొక్కొద్దు బాబూ." దేవమణి ధనరాజ్ చేతిమీద చెయ్యి వేసింది. ఉప్పుకి పగిలిన చెయ్యి, గరుగ్గా ఉంది. "అది నాను ఒప్పుకోను."

"ఇదో పెద్ద సమస్యా అమ్మా? నీ పిల్ల బతకాలా వద్దా?" అన్నాడు గిరిబాబు.

"బతకాల. దానికోసం ఏటైనా సేస్తాను. ఆయన మీద మాత్రం రాయను. ఇంకేటున్నాయో సదువు బాబూ."

ధనరాజ్ చదివాడు. ఆస్పత్రి నిర్లక్ష్యం. పరికరాల లోపం. మందుల లోపం. ఆఖరిది, రోగి తరఫువారి తప్పు.

"అదీ. అది నొక్కీ."

"నువ్వేం తప్పు చేశావమ్మా?"

"ముందే సెప్పీసినాను కదా బాబూ. ఆత్రం నాది. కానిది అయిపోనాదని పదిమందిలో అన్నాను. ఆయన్నెందుకనాల, మిమ్మల్నెందుకనాల? నా మీద రాసీ. నా గుంటని బేగి కోయించండి."

తప్పు నాది, నొక్కింది నేను అనడానికి ధనరాజ్ నోరు తెరిచాడు. ఆ లిస్టులో కోడర్ అన్న మాట లేదు. గిరిబాబు మాత్రం తెర మీదకి వంగి సన్న అక్షరాలు చదువుతున్నాడు. రోగి తరఫువారి తప్పు వల్ల ఫెయిలైతే అది సక్సెస్ రేటులో లెక్కకి రాదని అక్కడ రాసుంది. అతను అక్కడికక్కడే దేవమణికి నమస్కారం పెట్టాడు.

వేలిముద్ర మెషీను దేవమణి వేలిని మూడుసార్లు తిప్పికొట్టింది. ఉప్పు మడుల్లో గీతలన్నీ అరిగిపోయాయి. ఎలీషా గారు ఆ వేలిని తన పైకండువాతో తుడిచి పెట్టించారు. నాలుగోసారి పడింది. అనుమతి సాయంత్రానికల్లా వచ్చేసింది.

ఇరవై ఆరో తేదీన అయిదు గంటలసేపు ఆపరేషన్ చేశారు. రంధ్రం మూశారు, నాళం వెడల్పు చేశారు. వారం తిరక్కుండా దీవెన వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, ఎక్కడా కూర్చోలేదు. ఆ మాట ఫోనులో విని ధనరాజ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని కాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. 'తల్లి తప్పిదాన్ని పెద్ద మనసుతో మన్నించి, చిట్టి గుండెకు రెండో అవకాశం ఇచ్చిన మంత్రి' అని పత్రికా ప్రకటన వెలువడింది. విజిటింగ్ స్పెషలిస్ట్ మీద చర్యలు ఉపసంహరించుకున్నట్టు ఎలీషా గారికి ఇంకో రిజిస్టర్డ్ పోస్టు వెళ్ళింది.

ఊరు చేరాక వచ్చిన ఆదివారం దేవమణి మళ్ళీ సాక్ష్యానికి లేచింది. ఈసారి ఏమీ ముందుగా చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. కంప్యూటర్లో అయిపోయిందన్నారని, కుట్టు లేదని, తప్పు నాదే అని వేలేస్తే రెండోసారి కింద రాసి నిజంగా కోశారని చెప్పింది. ఎవరో వీడియో తీశారు.

బుధవారం పొద్దున్న పది గంటలకి ధనరాజ్ బస్సు దిగేసరికి ఆఫీసు గేటు దగ్గర నుంచి మెయిన్ రోడ్డు దాకా జనం. పెన్షన్ల పని కాబోలు అనుకున్నాడు. దగ్గరికొచ్చాక చూస్తే అందరి భుజాల మీదా పిల్లలు. నడవగలిగిన కొందరు పిల్లలు గోడవారన గొంతుక్కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నారు. గిరిబాబు లోపల నుంచి షట్టరు సగం దించి, ఫోనులో ఎవరికో 'సార్, సార్' అంటున్నాడు.

ధనరాజ్ షట్టరు కింద నుంచి దూరి వెళ్ళి కంప్యూటర్ పెట్టాడు. కిటికీ దగ్గర మొట్టమొదట నిలబడింది గజపతినగరం నుంచి వచ్చిన గున్నమ్మ, చంకలో మనవరాలు. కార్డు నంబరు కొట్టాడు. ఆకుపచ్చ చుక్క. కోడు సరిగ్గానే ఉంది.

"అవ్వా, ఈ పాపకి ఆపరేషన్ అయిపోయినట్టుంది."

"అవున్నాయినా. అయిపోనాదని ఫోనొచ్చినాది."

"ఏ ఆస్పత్రిలో?"

"అది సెప్పనేదు."

వెనక క్యూ ముందుకి తోసుకొస్తోంది. గున్నమ్మ పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని, కిటికీ ఊచల మధ్య నుంచి బొటనవేలు లోపలికి చాపింది.

"తప్పు మాదే నాయినా. ఆ నౌపడామెకి రాసినట్టే రాసీ. ఏలు ఎక్కడెట్టమంటావు?"